ఫ్రెంచ్ క్రియలను సిలబుల్స్‌గా విడదీసి ఊనిక పెట్టడం ఎలా?

"పుస్తకంలో ఆరు రూపాలు ఉన్నాయి, ఆడియోలో వింటే నాలుగు ఒకేలా ఉన్నాయి. ఎక్కడ విరవాలి? ఎక్కడ నొక్కి పలకాలి?" ఫ్రెంచ్ మొదలుపెట్టిన ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్న ఇది. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకున్న పిల్లలూ అడుగుతారు, కెనడా పీఆర్ కోసం టెఫ్, టీసీఎఫ్ పరీక్షలకు చదివేవాళ్లూ అడుగుతారు. అందుకే మొత్తం పద్ధతి ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. సిలబుల్ అంటే ఒక అచ్చు చుట్టూ ఒకే ఊపున పలికే ముక్క. ఫ్రెంచ్‌లో విడదీయాల్సింది కాగితం మీది స్పెల్లింగ్‌ను కాదు, చెవికి వినిపించే మాటను. ఊనిక, అంటే స్ట్రెస్, క్రియకు సొంతం కాదు. క్రియ ఏ మాటల గుంపులో (మధ్యలో ఆగకుండా కలిపి పలికే మాటల్లో) ఉందో ఆ గుంపుది. ఈ రెండూ మనసులో పెట్టుకుంటే కింది మెట్లన్నీ తేలిగ్గా పడతాయి.

ఏమేం కావాలి

ఒక పెన్సిల్, ఒక రబ్బరు. ఫోన్‌లో రికార్డర్. నోటితో చదివి వినిపించే ఫ్రెంచ్ నిఘంటువు ఏదైనా ఒకటి. ఉచితంగా కావాలంటే ఫ్రెంచ్ భాషలో ఉన్న విక్షనరీ చాలు. అందులో పదం పక్కన ఉచ్చారణను సిలబుల్స్ మధ్య చుక్కలు పెట్టి ఇస్తారు, క్రియారూపాలకు విడి పట్టికలూ ఉంటాయి.

ఇక్కడ నేను రాసిన పద్ధతి

- గీత పెట్టిన చోట సిలబుల్ విరుగుతుంది. చదరపు బ్రాకెట్‌లో ఉన్నది ఊనిక పడే సిలబుల్. ఉదాహరణకు ను-పర్-[లోఁ], అంటే "మేం మాట్లాడతాం".
- అరసున్న ఉంటే అచ్చును ముక్కుతో పలకాలి. చివర "న్" అనకూడదు.
- పొట్టి "ఎ" (జె, లె, నె) రాసిన చోట అది ఫ్రెంచ్ వాళ్ల "మూగ ఎ". ఒక్కోసారి వినిపిస్తుంది, ఒక్కోసారి మాయమవుతుంది. "ఏ" రాసిన చోట అది ఎప్పుడూ పలికే నిండు అచ్చు. దీర్ఘం కనిపించింది కదా అని సాగదీయకండి, తేడా చూపడానికే అలా రాశాను.
- "త్యు", "బ్యు" అని రాసిన చోట పెదవులు "ఉ"కు పెట్టినట్టు గుండ్రంగా పెట్టి, లోపల నాలుకతో "ఈ" అనండి. అది మన భాషలో లేని అచ్చు.
- "జె" (నేను) లోని జ మెత్తగా, గాలి వదులుతూ పలికేది. పదాలు కలిసినప్పుడు మధ్యలో వచ్చే జ మాత్రం ఇంగ్లీష్ జెడ్ శబ్దం.
- అక్షరాల పేర్లు ఇంగ్లీష్‌లో చెప్పుకునేట్టే రాశాను: ఈ-ఎన్-టీ, ఎస్, జెడ్.

త, ద, ప, క లను మనం పలికే తీరు ఫ్రెంచ్‌కు దాదాపు సరిపోతుంది. ఇంగ్లీష్ అలవాటుతో ట, డ అనకండి.

మెట్టు 1: క్రియను సర్వనామంతో కలిపి రాయండి

క్రియారూపాన్ని ఒంటరిగా తీసుకుని విడదీయడం మొదలుపెట్టకండి. "నేను", "వాళ్లు" లాంటి సర్వనామం క్రియకు అతుక్కునే ఉంటుంది, సిలబుల్ హద్దులను కూడా అది మారుస్తుంది. దీనికి మినహాయింపు ఆజ్ఞారూపం ఒక్కటే, అక్కడ సర్వనామం ముందు ఉండదు కాబట్టి.

మెట్టు 2: పలకని చివరి అక్షరాలు కొట్టేయండి

అసలు పని ఇక్కడే ఉంది. తొందరపడకండి.

"మాట్లాడు" అనే పర్లే క్రియ వర్తమానకాలం చూడండి:

- జె-[పర్ల్] (నేను)
- త్యు-[పర్ల్] (నువ్వు)
- ఇల్-[పర్ల్] (అతను)
- ను-పర్-[లోఁ] (మేము)
- వు-పర్-[లే] (మీరు)
- ఇల్-[పర్ల్] (వాళ్లు)

స్పెల్లింగ్‌లో చివర ఈ, ఈ-ఎస్, ఈ-ఎన్-టీ అని మూడు రకాలు ఉన్నా నోటికి వచ్చేది ఒకటే. "అతను", "వాళ్లు" రూపాలకు ఈ క్రియలో శబ్దంలో ఏ తేడా లేదు. అందుకే ఆడియోలో నాలుగు ఒకేలా వినిపించాయి. మీ చెవి తప్పు వినలేదు.

కొట్టేయాల్సినవి:

- చివరి ఈ, ఈ-ఎస్.
- "వాళ్లు" రూపంలోని ఈ-ఎన్-టీ.
- చివరి ఎస్, టీ, డీ, ఎక్స్.
- ఈ-జెడ్, ఈ-ఆర్ చివర ఉంటే జెడ్, ఆర్ పలకవు. రెండూ "ఏ" అవుతాయి. ఐ-ఆర్ చివర ఉంటే మాత్రం ఆర్ పలుకుతుంది: ఫి-[నిర్].
- ఏ-ఐ-ఎస్, ఏ-ఐ-టీ, ఏ-ఐ-ఈ-ఎన్-టీ మూడూ ఒకటే "ఏ". జె-పర్-[లే], ఇల్-పర్-[లే] అన్నప్పుడు "మాట్లాడేవాడిని, మాట్లాడేవాడు, మాట్లాడేవాళ్లు" అన్నీ ఆ ఒక్క రూపమే. ఐదు అక్షరాలు చూసి రెండు సిలబుల్స్ అనుకోకండి.

జాగ్రత్త: ఒకసారి ఒక ప్రత్యయాన్నే కొట్టేయండి. ఈ-ఎన్-టీ తీసేశాక దాని ముందు మిగిలిన హల్లును కూడా తీసేయడం చాలామంది చేసే తప్పు. ఆ మూడక్షరాలు తాము పలకవు కానీ ముందున్న హల్లును కాపాడతాయి. ఏకవచనానికీ బహువచనానికీ తేడా చాలా క్రియల్లో ఈ హల్లు దగ్గరే వినిపిస్తుంది:

- అతను బయల్దేరతాడు: ఇల్-[పర్]. వాళ్లు: ఇల్-[పర్త్].
- అతను అమ్ముతాడు: ఇల్-[వాఁ]. వాళ్లు: ఇల్-[వాఁద్].
- అతను ముగిస్తాడు: ఇల్-ఫి-[ని]. వాళ్లు: ఇల్-ఫి-[నిస్].

ఇల్-[పర్] లో టీ చివరి అక్షరం, పోయింది. ఇల్-[పర్త్] లో దాని వెనక ఈ-ఎన్-టీ ఉంది, అందుకే టీ నిలబడింది.

ఇంకో జాగ్రత్త: ఈ-ఎన్-టీ కనిపించగానే గుడ్డిగా కొట్టేయకండి. "వాళ్లు" రూపం అయితేనే అది మూగది. "అతను వస్తాడు" అనే రూపం కూడా ఈ-ఎన్-టీతోనే ముగుస్తుంది, కానీ అది ఏకవచనం, అక్కడ ముక్కు అచ్చు పలకాలి: ఇల్-[వ్యేఁ]. "వాళ్లు వస్తారు" అంటే ఇల్-[వ్యేన్]. ఫ్రెంచ్ పిల్లలు నేర్చుకునే పాత వాక్యం ఒకటి ఉంది, "మఠంలోని కోళ్లు గుడ్లు పొదుగుతున్నాయి" అని. అందులో "మఠం", "పొదుగుతున్నాయి" అనే రెండు పదాలకూ స్పెల్లింగ్ అక్షరం కూడా తేడా లేకుండా ఒకటే. నామవాచకం కు-[వాఁ], రెండు సిలబుల్స్. క్రియ [కువ్], ఒకటే. కాబట్టి ముందు అడగాల్సింది "ఇది క్రియేనా? కర్త బహువచనమేనా?" అని.

మెట్టు 3: మిగిలిన అచ్చులు లెక్కపెట్టండి

పలికే అచ్చులు ఎన్నో సిలబుల్స్ అన్ని. ఒక్కటి ఎక్కువా ఉండదు, తక్కువా ఉండదు. రెండు మూడు అక్షరాలు కలిసి ఒక అచ్చు కావచ్చు: ఓ-యు కలిస్తే "ఉ", ఏ-ఐ కలిస్తే "ఏ", ఓ-ఎన్ కలిస్తే "ఓఁ". ఓ-ఐ కలిస్తే "వా", అదీ ఒక్క సిలబులే. "నేను తాగుతాను" జె-[బ్వా], రెండే.

చివర అచ్చు లేకుండా హల్లుల గుంపు మిగిలితే భయపడకండి. "తీసుకోవడం" అనే క్రియ [ప్రాఁద్ర్], మొత్తం ఒక్క సిలబుల్.

మెట్టు 4: హల్లులను పంచండి

1. రెండు అచ్చుల మధ్య ఒక్క హల్లు ఉంటే అది తర్వాతి సిలబుల్‌కు పోతుంది: ఫి-[నిర్], కొ-మాఁ-[సే].
2. రెండు హల్లులుంటే చెరొకటి: పర్-[లోఁ], రేస్-[తోఁ] (మేం ఉండిపోతాం).
3. రెండోది ర లేదా ల అయ్యి, మొదటిది ప, బ, త, ద, క, గ, ఫ, వ లలో ఒకటైతే ఆ జంటను విడదీయకూడదు: మోఁ-[త్రోఁ] (మేం చూపిస్తాం), ఉ-బ్లి-[యే] (మరచిపోవడం).

"పర్లోఁ"లో ర ముందు, ల వెనక. కాబట్టి మూడో సూత్రం అక్కడ పనిచేయదు, రెండో సూత్రమే.

తెలుగు లిపిలో నోట్స్ రాసుకునేవాళ్లు ఇక్కడే పడిపోతారు. మన రాతలో జంట హల్లు మొత్తం తర్వాతి అక్షరానికి పోతుంది: ప-ర్లో. కన్ను దాన్ని చూసి "ప" దగ్గర విరవమంటుంది. ఫ్రెంచ్ నోరు "పర్" దగ్గర విరుస్తుంది. "త్ర", "బ్లి", "ప్రి" లాంటి వాటిలో మాత్రం మన రాత, వాళ్ల పలుకు ఒకే దారిలో నడుస్తాయి. నోట్స్ రాసేటప్పుడు "పర్లోఁ" అని కలిపి కాకుండా "పర్-లోఁ" అని విడిగా రాయండి, సమస్య తీరిపోతుంది.

ముక్కు అచ్చు వెనక రాసిన ఎన్‌ను హల్లుగా లెక్కపెట్టకండి. అది అచ్చులో కలిసిపోయింది. "మోన్-త్రోన్" అంటే తప్పు.

అలాగే స్పెల్లింగ్‌లో ఒకే హల్లు రెండుసార్లు ఉన్నా పలికేది ఒక్కసారే. "ఇవ్వడం" దొ-[నే], "దొన్నే" కాదు. తెలుగులో ద్విత్వం నొక్కి పలకడం మనకు ఊపిరితో వచ్చిన అలవాటు కాబట్టి ఈ ఒక్క తప్పు చాలాకాలం వెంటాడుతుంది. పుస్తకంలో లైను చివర పదాన్ని విరిచేటప్పుడు ఆ రెండు హల్లుల మధ్యే గీత పెడతారు. అది అచ్చు వేసే పద్ధతి, మాట్లాడే పద్ధతి కాదు.

దీనికి నిజమైన మినహాయింపు ఉంది: "పరుగెత్తు", "చనిపో" లాంటి కొన్ని క్రియల భవిష్యత్ రూపం. "పరుగెత్తేవాడిని" జె-కు-[రే], "పరుగెత్తుతాను" జె-కుర్-[రే]. ఇక్కడ రెండు ర లూ వినిపించాలి, లేకపోతే కాలమే మారిపోతుంది.

చివరగా "మేము", "మీరు" రూపాల్లో వచ్చే ఐ-ఓ-ఎన్-ఎస్, ఐ-ఈ-జెడ్. మామూలుగా అవి ఒక్క సిలబుల్: ను-పర్-[ల్యోఁ] (మేం మాట్లాడేవాళ్లం). కానీ ముందు మూడో సూత్రంలో చెప్పిన జంట ఉంటే నోరు తిరగదు, అందుకని రెండుగా విడిపోతాయి: ను-వు-ద్రి-[యోఁ] (మాకు కావాలి, మర్యాదగా అడిగేటప్పుడు).

మెట్టు 5: మూగ ఎ సంగతి తేల్చండి

పదం మధ్యలో ఉండే మూగ ఎ ఉంటుందా, పోతుందా అన్నది దాని ముందు ఎన్ని హల్లులున్నాయన్న దాని మీద ఆధారపడుతుంది.

- ముందు పలికే హల్లు ఒక్కటే ఉంటే సాధారణంగా పోతుంది. "నేను ఇస్తాను" (భవిష్యత్) జె-దొన్-[రే]. స్పెల్లింగ్ చూసి జె-దొ-నె-రే అన్నా తప్పు కాదు, నెమ్మదిగా చదివినట్టు ఉంటుంది. దక్షిణ ఫ్రాన్స్‌లో అలా పలికేవాళ్లు చాలామంది.
- ముందు రెండు హల్లులుంటే ఉంచండి: జె-పర్-లె-[రే]. తీసేస్తే ర, ల, ర మూడూ గుద్దుకుంటాయి.
- ముందు అచ్చే ఉంటే ఎప్పుడూ పోతుంది: "మరచిపోతాను" (భవిష్యత్) జు-బ్లి-[రే].
- మూగ ఎ తర్వాత ర లేదా ల వచ్చి, దాని వెంటే ఐ-ఓ-ఎన్-ఎస్ లేదా ఐ-ఈ-జెడ్ ఉంటే తప్పకుండా ఉంచండి. "మేం ఇస్తాం" (భవిష్యత్) ను-దొన్-[రోఁ], "మేం ఇచ్చేవాళ్లం, వీలుంటే" ను-దొ-నె-[ర్యోఁ]. రెండోదాంట్లో "నె" మింగేస్తే పలకడమే కుదరదు.

పదం చివరి మూగ ఎ కూడా ఒక్కోసారి తిరిగొస్తుంది. "అతను బాగా మాట్లాడతాడు" అన్నప్పుడు ఇల్-పర్ల్-[బ్యేఁ] అనేవాళ్లూ ఉన్నారు, ఇల్-పర్-లె-[బ్యేఁ] అనేవాళ్లూ ఉన్నారు. కారణం మళ్లీ మూడు హల్లులు పక్కపక్కన పడటమే. రెండూ సరైనవే. పరీక్షకు టెన్షన్ పడొద్దు, ఏదో ఒకటి ఎంచుకుని తడబడకుండా పలకండి.

మెట్టు 6: పక్క పదాలతో అతికించండి

ఫ్రెంచ్ వాళ్లు పదానికీ పదానికీ మధ్య ఆగరు. సంధి తెలిసిన మనకు ఇది కొత్త కాదు. "రాముడు ఎక్కడ" అన్నది "రాముడెక్కడ" అయినట్టే "జె" వెనక అచ్చు వస్తే దాని ఎ లోపిస్తుంది: "నాకు ఇష్టం" [జేమ్], ఒక్క సిలబుల్.

పదం చివర పలికే హల్లు ఉండి తర్వాతి పదం అచ్చుతో మొదలైతే ఆ హల్లు అటు దూకుతుంది. "అతనికి ఇష్టం" ఇ-[లేమ్]. "అతను చేరుకుంటాడు" ఇ-ల-[రివ్]. "అతను ఇంగ్లీష్ మాట్లాడతాడు" ఇల్-పర్-లాఁ-[గ్లే]. చివరిదాంట్లో పర్ల్ లోని ల తన పదాన్ని వదిలేసి "ఇంగ్లీష్" అనే పదంలో కూర్చుంది.

సర్వనామం చివర మూగగా ఉన్న ఎస్ అచ్చు ముందు జెడ్ శబ్దంగా మేల్కొంటుంది: ను-జ-[వోఁ] (మాకు ఉంది), ఇల్-[జేమ్] (వాళ్లకు ఇష్టం). ఇ-[లేమ్], ఇల్-[జేమ్] రెండూ పక్కపక్కన పలికి చూడండి. ఒకరా, పదిమందా అన్నది వినేవాళ్లకు తెలియజేసేది ఆ ఒక్క జ మాత్రమే. అది వదిలేస్తే అర్థం మారిపోతుంది, కాబట్టి ఇక్కడ రాజీ వద్దు. క్రియ దాటాక వచ్చే పదంతో ఇలా కలపడం మామూలు మాటల్లో తప్పనిసరి కాదు.

ప్రశ్నలో "అతను", "ఆమె" లాంటి సర్వనామం క్రియ వెనక్కి వెళ్తే మధ్యలో త వస్తుంది: పర్ల్-[తిల్] (మాట్లాడతాడా?). క్రియ చివర డీ ఉన్నా పలికేది త: వాఁ-[తిల్] (అమ్ముతాడా?).

మెట్టు 7: ఇప్పుడు ఊనిక పెట్టండి

గుంపులో చివరి నిండు సిలబుల్ మీద. అంతే. ఏ క్రియ అయినా, ఏ కాలమైనా.

గుంపు పెరిగితే ఊనిక కూడా కొత్త చివరికి జరుగుతుంది:

- ఇల్-[పర్ల్]
- ఇల్-పర్-లాఁ-[గ్లే]
- ఇల్-పర్-లాఁ-గ్లే-అ-వే-[కేల్] (ఆమెతో ఇంగ్లీష్ మాట్లాడతాడు)

మూడో వాక్యంలో క్రియ మీద ఊనికే లేదు. వ్యతిరేకార్థంలో కూడా అంతే, "నాకు ఇష్టం లేదు" జె-నేమ్-[ప]. "క్రియ ముఖ్యమైన మాట కదా, దాన్నే నొక్కుదాం" అనుకుంటే వినేవాళ్లకు ఇంగ్లీష్ యాసలా అనిపిస్తుంది.

నొక్కడం అంటే గట్టిగా అరవడం కాదు. ఆ సిలబుల్‌ను కాస్త సాగదీయడం. వాక్యం మధ్యలో గుంపు ముగిస్తే స్వరం కొద్దిగా పైకి, వాక్యం చివర కిందికి, అవును-కాదు ప్రశ్నలో పైకి. మిగిలిన సిలబుల్స్ అన్నీ దాదాపు సమానంగా నడవాలి, ఏదీ మింగేయకూడదు. తెలుగు మాట్లాడే నోటికి ఇది కష్టం కాదు. ఇంగ్లీష్ మీడియంలో నేర్చుకున్న, మొదటి సిలబుల్‌ను గుద్ది మిగతావి నలిపేసే అలవాటునే వదిలించుకోవాలి. క్యూబెక్‌లో అచ్చుల రంగు మారుతుంది కానీ ఊనిక గుంపు చివరే ఉంటుంది, కెనడా వెళ్లేవాళ్లు దీనికోసం వేరే సూత్రం వెతకక్కర్లేదు.

మూగ ఎ మీద ఊనిక పడదు, ఒక్కచోట తప్ప: ఆజ్ఞారూపం వెనక "దాన్ని" అని వస్తే. "అది ఇవ్వు" దొన్-[లె]. ఇంకో మాట చేరితే ఊనిక మళ్లీ చివరికే: దొన్-లె-[మ్వా] (అది నాకివ్వు).

కోపంలోనో ఉత్సాహంలోనో పదం మొదటి సిలబుల్‌ను కూడా గట్టిగా అంటారు. "నాకు అసహ్యం!" అన్నప్పుడు దే-తేస్త్ లోని "దే" బలంగా వినిపిస్తుంది. అది భావం కోసం అదనంగా చేర్చేది. చివరి ఊనిక దాని పని అది చేస్తూనే ఉంటుంది. సినిమాల్లో విని అదే నియమం అనుకోకండి.

ధాతువు ఎందుకు మారుతుందో ఇప్పుడు అర్థమవుతుంది

"కొనడం", "పిలవడం" లాంటి క్రియల్లో నాలుగు రూపాలు ఒకలా, "మేము", "మీరు" రూపాలు ఇంకోలా ఉంటాయి. పట్టిక బట్టీ పట్టి విసిగిపోయినవాళ్లు ఈ మెట్లతో ఒకసారి చూడండి:

- నేను కొంటాను: జ-[షేత్]. మేం కొంటాం: ను-జష్-[తోఁ].
- నేను పిలుస్తాను: జ-[పేల్]. మేం పిలుస్తాం: ను-జ-[ప్లోఁ].
- నేను వస్తాను: జె-[వ్యేఁ]. మేం వస్తాం: ను-వె-[నోఁ].
- నేను తాగుతాను: జె-[బ్వా]. మేం తాగుతాం: ను-బ్యు-[వోఁ].

ప్రత్యయం మూగదైతే ఊనిక ధాతువు మీద పడుతుంది. అప్పుడు అక్కడ మూగ ఎ నిలవలేదు, నిండు అచ్చు కావాల్సిందే, స్పెల్లింగ్‌లో అచ్చు మీది వాలుగీత గానీ, రెండో ఎల్ గానీ దాన్నే చూపిస్తుంది. ప్రత్యయం పలికితే ఊనిక అటు పోతుంది, ధాతువులో అచ్చు బలహీనపడుతుంది. చివరి రెండు క్రియల్లో తేడా లాటిన్ కాలం నాటి ఊనిక వదిలిన గుర్తు. రూపం గుర్తు రానప్పుడు "ఈ ప్రత్యయం పలుకుతుందా?" అని అడిగితే చాలాసార్లు సగం జవాబు దొరుకుతుంది.

ఒక వాక్యం మొత్తం చేసి చూద్దాం

"వాళ్లు రేపు చేరుకుంటున్నారు, మేం వాళ్లను ఈ సాయంత్రం పిలుస్తాం." రెండు గుంపులు.

మొదటి గుంపు: "వాళ్లు" లోని ఎస్ అచ్చు ముందు ఉంది, జ అవుతుంది. క్రియ చివరి ఈ-ఎన్-టీ కొట్టేశాం, వ మిగిలింది. "రేపు" లోని మూగ ఎ తీసేస్తే వ, ద, మ మూడు హల్లులు కలుస్తాయి, కాబట్టి ఉంచాలి. ఇల్-జ-రివ్-దె-[మేఁ].

రెండో గుంపు: "వాళ్లను" చివరి ఎస్ మళ్లీ జ. క్రియ మధ్యలోని మూగ ఎ ముందు ఒక్క ప మాత్రమే ఉంది, తీసేయవచ్చు. ప, ల జంట విడిపోదు. ను-లే-జ-ప్లోఁ-సె-[స్వార్].

రెండు క్రియలున్నాయి, రెంటి మీదా ఊనిక లేదు. అది "రేపు" మీద, "సాయంత్రం" మీద పడింది.

ఎక్కువగా చేసే తప్పులు

*చివర అచ్చు చేర్చడం.* తెలుగు మాటలు అచ్చుతో ముగియడం మనకు అలవాటు కాబట్టి [పర్ల్] కాస్తా "పర్లు" లేదా "పర్లా" అవుతుంది. ఇది చిన్న తప్పు కాదు. "పర్లా" అంటే భూతకాల రూపం, కథల్లోనూ చరిత్ర పుస్తకాల్లోనూ కనిపించేది. ల దగ్గర నాలుకను పళ్ల వెనక ఆనించి అక్కడే ఆపేయండి, గొంతు మూసేయండి.

*ఈ-ఎన్-టీని "ఎంట్" అనడం.* మెట్టు 2 మళ్లీ చదవండి.

*ప్రతి పదానికీ ఊనిక పెట్టడం.* పట్టికను పదం పదంగా చదివే అలవాటు వల్ల వస్తుంది. మందు ఒక్కటే: రూపాన్ని ఎప్పుడూ చిన్న వాక్యంలో పెట్టి చదవండి.

*పాట విని లెక్కపెట్టడం.* పాటల్లో, పాత పద్యాల్లో హల్లు ముందు ఉన్న మూగ ఎ ను కూడా సిలబుల్‌గా లెక్కిస్తారు. 12 సిలబుల్స్ పాదం ఉన్న ఛందస్సు ఆ లెక్కతోనే నడుస్తుంది. మాటకు ఆ లెక్క పనికిరాదు.

సరిగ్గా వచ్చిందా అని చూసుకోవడం

1. వేళ్లతో బల్ల మీద తడుతూ పలకండి. తట్టిన లెక్క, మెట్టు 3లో వచ్చిన అచ్చుల లెక్క ఒకటి కావాలి. ఒకటి ఎక్కువొస్తే చివర అచ్చు చేర్చినట్టే.
2. మాటలు తీసేసి "ద-ద-దా" అని అదే లయలో అనండి. చివరిది మాత్రమే సాగాలి.
3. రికార్డ్ చేసి, నిఘంటువు ఆడియో పక్కన పెట్టి వేగం తగ్గించి వినండి. నిఘంటువులో పదం ఒంటరిగా ఉంటుందని గుర్తుంచుకోండి. అక్కడ వినిపించే చివరి ఊనిక వాక్యంలో ఉండకపోవచ్చు.
4. ఫోన్ కీబోర్డును ఫ్రెంచ్‌కు మార్చి మాట్లాడి టైప్ చేయించండి. ఇ-[లేమ్], ఇల్-[జేమ్] విడివిడిగా చెప్పినప్పుడు ఏకవచనం, బహువచనం సరిగ్గా పడితే మీ జ బాగానే వినిపిస్తున్నట్టు. పొడుగు వాక్యం చెప్తే ఫోనే సందర్భాన్ని బట్టి సరిదిద్దేస్తుంది, కాబట్టి రెండు మూడు మాటలే చెప్పండి.

మీరే చేయండి

ముందు చేత్తో జవాబులు మూసుకుని, నిఘంటువులో రూపం చూసి విడదీయండి.

1. వాళ్లు తింటున్నారు: ఇల్-[మాఁజ్]
2. మేం వెళ్తాం: ను-జ-[లోఁ]
3. వాళ్లు వింటున్నారు: ఇల్-జే-[కుత్]
4. మేం మొదలుపెడతాం: ను-కొ-మాఁ-[సోఁ]
5. వాళ్లు పనిచేస్తున్నారు: ఇల్-త్ర-[వయ్]
6. మీరు పనిచేశారు: వు-జ-వే-త్ర-వ-[యే]
7. మేం మరచిపోతాం (వర్తమానం): ను-జు-బ్లి-[యోఁ]
8. దాన్ని రాయి (ఆజ్ఞ): ఏ-క్రి-[లె]

ఐదో దాంట్లో మూడు కంటే ఎక్కువ వస్తే మెట్టు 2కు, ఏడో దాంట్లో నాలుగు రాకపోతే మెట్టు 4 చివరి పేరాకు వెళ్లండి. ఎనిమిదో దాంట్లో "క్రి" మీద ఊనిక పెట్టారంటే మెట్టు 7లోని మినహాయింపు చదవకుండా దాటేశారు.